ద్విభాషాగ్రంథాలయములు – గ్రంథవైవిధ్యవిమర్శనము

ఆంధ్రదేశమునందలి ప్రజాగ్రంథాలయములలోఁ బ్రాచీనములైనవి పేరునకుఁ దెలుఁగు గ్రంథాలయములైనను వస్తుస్థితినిబట్టి ద్విభాషాగ్రంథాలయములు. రాజమహేంద్రవరమున వడ్డాది సుబ్బారాయకవిగారు 1898లో స్థాపించిన వసురాయ గ్రంథాలయము తరువాత గౌతమీ గ్రంథాలయమునఁ గలిసినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనమును వెలసినవి. వీని ననుసరించి పల్లెపల్లెకును బఠనమందిరములు పుట్టినవి. ఇట్టి గ్రంథాలయముల యలమారలను నింపినవి ముఖ్యముగా రెండు ప్రవాహములు. ముద్రాలయములనుండి వెలకుఁ గొని తెచ్చిన నూతనగ్రంథము లొకటి. పండితులయు, వైద్యులయు, బురోహితులయు నిండ్లనుండి దానముగా వచ్చిన పాతపుస్తకములు రెండవది. ఈ రెండవ ప్రవాహముతోఁ దఱచుగా సంస్కృతము లోనికి వచ్చినది.

ఇట్టి గ్రంథాలయముల పట్టికలలో మొదట నాంధ్రగ్రంథములు, పిదప సంస్కృతగ్రంథములు, కడపట నాంగ్లేయాదిభాషాగ్రంథములు నను విభాగము సాధారణముగాఁ గానవచ్చును. ఏ గ్రంథమైనను నేదో యొక భాషలో నుండవలయును గదా యనునది దీనికి యుక్తి. ఈ యుక్తిని బరీక్షించుటయే ప్రస్తుతవ్యాసమునకు విషయము. గ్రంథమునకు భాష యొక్కటియే యను నియమము మన గ్రంథాలయములందలి మిక్కిలి విలువగల యొక రాశి విషయమున భంగపడుచున్నది. ఆ భంగమును గుర్తింపకుండుటచే నా రాశి పాఠకునకు దూరమై క్రమముగాఁ జెడుచున్నది. ఇదియే నా సిద్ధాంతము.

మొదటఁ బదవిచారము చేయుదము. సంస్కృతాంధ్రములు అనునది ద్వంద్వము. అందు రెండు పదముల యర్థములకును సమప్రాధాన్యము. ద్విభాషమనునది యట్లు కాదు. రెండు భాషలు దేనికిఁ గలవో యది ద్విభాషము, ఇది బహువ్రీహి. బహువ్రీహియం దవయవపదముల యర్థము ప్రధానము గాదు. వానికి వెలుపల నున్న యన్యపదార్థమే ప్రధానము. పట్టికలు వ్రాయువారు ద్విభాషాగ్రంథాలయమును ద్వంద్వముగా భావించి, రెండు గ్రంథాలయము లొకయింటఁ గాపురమున్నట్లు చూచుచున్నారు. బహువ్రీహిగాఁ జూచినచో రెండు భాషలను దనవిగాఁ గల పాఠకుఁడును, ఆతనికొఱకే పుట్టిన గ్రంథసంచయమును గానవత్తురు. ఈ భేదము వాగ్వినోదముకొఱకుఁ జెప్పినది గాదు. గ్రంథముల నొక్కొక్క విధముగాఁ బరిశీలించినచో దీని ఫలము తెలియఁగలదు.

సంస్కృతభాషయుఁ దెలుఁగులిపియుఁ గలవి మొదటి విధము. దేవనాగరియే సంస్కృతమునకు సహజలిపి యను భావము నేఁడు విద్యావంతులలోఁ గూడ వ్యాపించియున్నది. భాషకు లిపి సహజధర్మము గాదు. ద్రావిడదేశమున గ్రంథలిపిలోను, గేరళమున మలయాళలిపిలోను వలె, దెనుఁగునాఁట శతాబ్దములకొలఁది సంస్కృతము తెలుఁగులిపిలోఁ దాటాకులపై వ్రాయఁబడినది. అచ్చుయంత్రము వచ్చిన పిదపను నీ సంప్రదాయము తెగలేదు. 1854లో వావిళ్ళ రామస్వామిశాస్త్రులవారు చెన్నపురిలో నెలకొల్పిన ముద్రాలయమును, దాని ననుసరించిన యితరములును బురాణములు, గావ్యములు, నాటకములు, శాస్త్రములు ననేకము సంస్కృతమున నున్నవానిని దెలుఁగక్షరములలో నచ్చువేసినవి. వేదభాగములు సైతము స్వరచిహ్నములతోఁ దెలుఁగులిపిలో వెలువడినవి. తెలుఁగు చదువను వ్రాయను నేర్చినవాఁడు మఱియొక లిపిని నేర్వకయే సంస్కృతమునఁ బ్రవేశించుటకు నీ పుస్తకములే ద్వారము.

ఇట్టి గ్రంథము పట్టికలో సంస్కృతవిభాగమునఁ జేరును. తెలుఁగు మాత్రమే యెఱిఁగిన పాఠకుఁ డా పుట తిప్పి చూడఁడు. కళాశాలలో నాగరిలిపితో సంస్కృతము నేర్చినవాఁడు పుట తిప్పును గాని, పుస్తకము చేతికి వచ్చిన పిదపఁ దెలుఁగులిపిని జూచి తిరిగి యిచ్చివేయును. ఆతఁడు తెలుఁగువాఁడు గాకపోయెనేని చదువనే లేఁడు. పట్టికలో లిపి యిదియని యొక్కమాట వ్రాసినచో నీ చిక్కు తీఱును. పూర్వు లీ విషయమున మనకంటె జాగరూకులు. చెన్నపురి ప్రాచ్యలిఖితపుస్తకభాండాగారమువారి సంస్కృతగ్రంథవివరణపట్టికలలో శేషగిరిశాస్త్రి, రంగాచార్య ప్రభృతులు ప్రతి గ్రంథమునకును బత్రములెన్ని, పుటకుఁ బంక్తులెన్ని, ప్రతి యే స్థితిలో నున్నది యనువానితోఁ బాటు లిపి యేది యని తప్పక చెప్పిరి. తాళపత్రమునకు నవశ్యమని తోఁచిన యీ యంశము అచ్చుపుస్తకమునకు వచ్చునప్పటికి ననవశ్యమైనది. లిపి మాఱలేదు, పట్టిక వ్రాయువాని దృష్టి మాఱినది.

మూలము సంస్కృతమును, నర్థము తెలుఁగును గలవి రెండవ విధము. అమరకోశమునే యుదాహరణముగాఁ గొందము. దానికి లింగాభట్టు వ్రాసిన సంస్కృతవ్యాఖ్య కలదు; గురుబాలప్రబోధిక యను తెలుఁగుటీకయుఁ గలదు. రెండును దెలుఁగుదేశమునఁ బ్రచారమున నున్నవే. మొదటిది వ్యుత్పత్తి నెఱుఁగఁగోరు పండితునికి, రెండవది పేరునందే చెప్పఁబడినట్లు గురువునకును బాలునకును నుపయోగించునవి. అమరకోశము, సంస్కృతము అని మాత్రమే వ్రాసిన పట్టికలో నీ రెండును నొక్కటియే. బాలప్రబోధము కోరి వచ్చినవానికి లింగాభట్టీయము చేఁజిక్కినచో నాతఁడు మరల నా యలమార చెంతకుఁ బోఁడు. శబ్దమంజరులు, ధాతుమంజరులు, ప్రతిపదార్థతాత్పర్యసహితములైన కావ్యములు మున్నగునవన్నియు నీ విధమునకే చెందును.

ఈ తెలుఁగుటీకలను గూర్చి సాహిత్యవిమర్శకులు చెప్పవలసినంత చెప్పలేదు. టీకాకారుఁడు మూలపదము నన్వయక్రమమునఁ జెప్పి, దాని విభక్తికి సరియైన తెలుఁగువిభక్తితో నర్థమునిచ్చి, పదము పదముగా వాక్యమును నిర్మించును. రామేణ యనిన రామునిచేత నని, వనాత్ అనిన వనమువలన నని చెప్పుచు బాలుఁడు సంస్కృతవిభక్తులతోఁ బాటు తన భాషయందలి విభక్తులను గూడఁ గ్రమముగాఁ దెలిసికొనును. ఇట్టి టీకలయందలి భాష వ్యవహారభాష గాదు, కావ్యభాషయుఁ గాదు. సంస్కృతవాక్యము వెంట నడచుటకై యేర్పడిన మూఁడవ వచనరీతి యది. తెలుఁగువచనముయొక్క చరిత్రము వ్రాయువారు శాసనములను, జంపూకావ్యములందలి గద్యములను, దక్షిణాంధ్రయుగమునందలి వచనగ్రంథములను బరిశీలించిరి. బడిలోఁ దరతరములుగా వినఁబడిన యీ టీకావచనమును దఱచుగా విడిచిరి.

టీకలయందు దోషములును గలవు. కొందఱు టీకాకారులు సులభపదమునకు నాలుగు పర్యాయపదములిచ్చి, క్లిష్టపదము వచ్చినచోఁ బ్రసిద్ధమని దాఁటిపోదురు. కొందఱు మూలమునందలి సమాసమును విడఁదీయక, కడపట ఒక తెలుఁగుప్రత్యయమును జేర్చి యర్థమైనదందురు. తాత్పర్యమని వ్రాసినది ప్రతిపదార్థమునకుఁ బునరుక్తియై యుండుటయుఁ గలదు. ఏ టీక మంచిది, యేది కాదు అని విమర్శించి చెప్పవలయునన్నను మొదట నవి యొకచోటఁ గానవచ్చి సరిపోల్చుకొనుటకు వీలుపడవలయును. ఇప్పటి విభాగమున నా వీలు లేదు.

సంస్కృతశ్లోకమును, దానికిఁ దెలుఁగుపద్యమును నొకే పుటలోఁ గలవి మూఁడవ విధము. భర్తృహరి సుభాషితములు దీనికిఁ బ్రసిద్ధోదాహరణము. వీనిని ఏనుఁగు లక్ష్మణకవి, పుష్పగిరి తిమ్మన, ఎలకూచి బాలసరస్వతి యను మువ్వురు తెనిఁగించిరి. శ్లోకము పైని, లక్ష్మణకవి పద్యము క్రిందను ముద్రించి, రెంటికిని దాత్పర్యము చేర్చిన ప్రతులు పాఠశాలాపండితుల కందఱకును బరిచితములు. ఈ పుస్తకము సంస్కృతమా, తెలుఁగా? భర్తృహరి పేరు ముందున్న ప్రతిని సంస్కృతములోను, లక్ష్మణకవి పేరు ముందున్న ప్రతిని దెలుఁగులోను జేర్చుదురు. ఒక్క గ్రంథమే ముఖపత్రమునందలి యక్షరముల క్రమమునుబట్టి రెండుజాతులకుఁ జెందుచున్నది. ఇది విభాగమునకు దోషము గాని గ్రంథమునకు దోషము గాదు. శ్లోకమును, బద్యమును నొక్కచోఁ జదువువాఁడు భర్తృహరి యొక్క చిన్నమాటలో నిమిడ్చినది తెలుఁగుపద్యమున నెట్లు విస్తరించినది, యెక్కడఁ గొత్తసొంపు వచ్చినది, యెక్కడ సారము సడలినది యని తూఁచి చూడఁగలఁడు. అనువాదవిమర్శమునకు నింతకంటె మంచి బడి లేదు.

నాలుగవ విధము విద్వాంసులు చిన్నచూపు చూచునది. వ్రతకల్పములు, పూజావిధులు, పురోహితుల ప్రయోగగ్రంథములు, పంచాంగములు, వైద్యగ్రంథములు నిందుఁ జేరును. వ్రతకల్పమున సంకల్పమును, మంత్రములును సంస్కృతము. ఎప్పుడేమి చేయవలయునో చెప్పువాక్యములు తెలుఁగు. కథ తఱచుగాఁ దెలుఁగు. ఇందు రెండు భాషలును బని పంచుకొన్నవి. దేవతతోఁ బలుకునది యొకటి, కర్తతోఁ బలుకునది మఱొకటి. తెనుఁగునాఁటి వైద్యుల కాదరణీయమైన బసవరాజీయమున సంస్కృతశ్లోకములతోఁ దెలుఁగువివరణము కలిసి నడచును. ఓషధి పేరు సంస్కృతమున మాత్రమే తెలిసినచో వైద్యుఁ డడవికిఁ బోయి యే యాకును గోసికొని రాలేఁడు. ఊరివారు దానిని పిలుచు పేరు తెలుఁగుననే తెలియవలయును. ఇట్టి గ్రంథములలో రెండవ భాష యలంకారము గాదు. అది లేనిచో గ్రంథమునకుఁ బ్రయోజనమే లేదు. ఈ పుస్తకములు సన్ననివి, చౌకకాగితముపై నచ్చుపడినవి, తఱచుగా నట్టలు లేనివి. కావుననే యందఱి యిండ్లలో నుండియు గ్రంథాలయములలో మిక్కిలి తక్కువగా నిలిచినవి.

అయిదవ విధము లక్షణగ్రంథములు. ఇందు విభాగదోషము పరాకాష్ఠ నందినది. ఆంధ్రశబ్దచింతామణి తెలుఁగుభాషకు వ్యాకరణము, వ్రాయఁబడినది సంస్కృతమున. నన్నయకర్తృకమా కాదా యను వివాదము నిక్కడఁ దడవ నక్కఱలేదు. దానికి బాలసరస్వతి వ్రాసినది తెలుఁగుటీక. అప్పకవి 1656 ప్రాంతమున దానినే యాశ్రయించి తెలుఁగుపద్యములలో నప్పకవీయము రచించెను. అహోబలపండితీయము మరల సంస్కృతవ్యాఖ్య. 1858లోఁ బరవస్తు చిన్నయసూరి వెలువరించిన బాలవ్యాకరణము తెలుఁగు. కాని దాని సూత్రశైలియుఁ బరిభాషయుఁ బాణినీయసంప్రదాయమునుండి వచ్చినవి, తత్సమపరిచ్ఛేదము సంస్కృతశబ్దములు తెలుఁగునఁ బ్రవేశించు తెఱఁగును దెలుపునది. శిష్టు కృష్ణమూర్తిశాస్త్రిగారి హరికారికలు మరల సంస్కృతము. వానికిని బాలవ్యాకరణమునకును గల పౌర్వాపర్యమును గూర్చి జరిగిన వాదము పాఠకు లెఱిఁగినదే.

ఈ గ్రంథములన్నియు నొకే విచారమునకు సంబంధించినవి. ఒకదాని మాట కొకటి సమాధానము చెప్పుచు, నొకదాని సూత్రము నొకటి సవరించుచుఁ బోయినవి. భాషనుబట్టి విభజించినచోఁ జింతామణియు, నహోబలపండితీయమును, హరికారికలును నొక గోడకును, బాలసరస్వతీయమును, నప్పకవీయమును, బాలవ్యాకరణమును నెదుటి గోడకును జేరును. వాదమునఁ బ్రశ్న యొకచోటను, సమాధాన మింకొకచోటను బడియుండును. బాలవ్యాకరణమును మాత్రము చదివిన విద్యార్థి సూత్రములు ఆకాశమునుండి యూడిపడినవనుకొనును. చింతామణిని మాత్రము చదివినవాఁడు దానికిఁ దెలుఁగునఁ గలిగిన సంతతి నెఱుఁగఁడు.

అలంకారశాస్త్రమునను నిట్లే. విద్యానాథుఁడు కాకతీయ ప్రతాపరుద్రునిపై సంస్కృతమునఁ బ్రతాపరుద్రీయమును రచించెను. దాని ననుసరించి భట్టుమూర్తి తెలుఁగునఁ గావ్యాలంకారసంగ్రహమను నరసభూపాలీయమును రచించెను. ధర్మశాస్త్రమున విజ్ఞానేశ్వరుని మితాక్షర సంస్కృతము, కేతన విజ్ఞానేశ్వరీయము తెలుఁగు. గణితమున మహావీరాచార్యుని గణితసారసంగ్రహము సంస్కృతము, పావులూరి మల్లన గణితము తెలుఁగు. వీనిలో నొకదానిని రెండవదానినుండి వేఱుచేసినచో రెండును సగమగును.

ఒకే గ్రంథకర్త రెండుభాషలలో రచించినవి యాఱవ విధము. శ్రీకృష్ణదేవరాయల యాముక్తమాల్యద తెలుఁగు, జాంబవతీపరిణయము సంస్కృతము. తంజావూరు రఘునాథనాయకుఁడు తెలుఁగున వాల్మీకిచరిత్రమును, సంస్కృతమున సంగీతసుధను రచించెను. భాషావిభాగమునఁ గర్త రెండుముక్కలగును. రాయల తెలుఁగుశైలిని విమర్శించువా రాతని సంస్కృతనాటకమును గనులఁ జూడకయే విమర్శించుటకు నిదియు నొక హేతువు.

ఆంగ్లేయముతోఁ గలిసిన గ్రంథములను గూర్చి సంక్షేపముగాఁ జెప్పెదను. క్యాంబెలుదొర 1816లో నచ్చువేయించిన తెలుఁగువ్యాకరణము, బ్రౌనుదొర 1852 మొదలుగాఁ బ్రకటించిన నిఘంటువులు ద్విభాషాగ్రంథములే. వీనికి వేఱుగ నిఘంటువులను నఱ యుండుటచే నిబ్బంది యంతగాఁ గలుగలేదు. నిఘంటువు రెండుభాషలదని యొప్పుకొన్నవారు టీకాగ్రంథమును మాత్ర మేల యొప్పుకొనరో తెలియదు.

ఇంతవఱకుఁ జెప్పిన యాఱు విధములను మనస్సునందుంచుకొని, భాషావిభాగలక్షణమును దర్కశాస్త్రరీతిఁ బరీక్షింతము. లక్షణమునకు నవ్యాప్తి, యతివ్యాప్తి, యసంభవము లను మూఁడు దోషములు చెప్పుదురు. సంస్కృతాక్షరములే కనఁబడు గ్రంథము సంస్కృతగ్రంథమని నాగరిలిపినిబట్టి లక్షణము చెప్పినచోఁ దెలుఁగులిపిలోని సంస్కృతమునం దవ్యాప్తి. తెలుఁగులిపిగలది తెలుఁగుగ్రంథమన్నచో నదే గ్రంథమునం దతివ్యాప్తి. మూలభాషనుబట్టి నిర్ణయింత మన్నచో వ్రతకల్పమునకు మూలమేది యని చెప్పుట కష్టము. టీకాభాషనుబట్టి నిర్ణయింత మన్నచోఁ గాళిదాసు తెలుఁగుకవి యగును. అన్నింటికిని సరిపడు నొకే లక్షణము లేదు. ఉండవలయు నను పట్టుదలయే దోషమునకు మూలము.

పాశ్చాత్యవర్గీకరణపద్ధతుల నాశ్రయించినచో నీ చిక్కు తీఱునని కొందఱి మతము. 1876లో నమెరికాదేశీయుఁడగు డ్యూయీ ప్రకటించిన దశాంశపద్ధతి మన గ్రంథాలయములలో విశేషముగా వ్యాపించినది. అందు వ్యాకరణమును నది యే భాషను వర్ణించునో యా భాషతోఁ జేర్చుదురు. దానిచేఁ జింతామణి 494.827 అను తెలుఁగుభాషాసంఖ్యక్రిందికి వచ్చి బాలవ్యాకరణముతోఁ గలియును. ఇది మెచ్చదగినది. కాని సాహిత్యమునకు వచ్చునప్పటికి సంస్కృతము 891.2, తెలుఁగు 894.827. అనువాదము మూలభాషాసాహిత్యముతోఁ జేరవలయునని యా పద్ధతికి నియమము. ఆ నియమమును యథాతథముగాఁ బాటించినచో శ్రీనాథుని శృంగారనైషధము శ్రీహర్షునిక్రింద సంస్కృతమునఁ బడవలయును. ఏ తెలుఁగువాఁడును దీని నంగీకరింపఁడు, అంగీకరింపకపోవుట న్యాయమే. పాటింపనిచో నైషధములు రెండును రెండుగోడల కెడమగును. తెలుఁగునాఁట ననువాదమనునది మూలమునకు నీడగాక రెండవ ప్రాణమైనదని యెఱుఁగని పద్ధతి కిది తప్పని చిక్కు.

మనదేశమునఁ బుట్టిన పద్ధతి యీ విషయమున మేలైన త్రోవ చూపినది. చెన్నపురి విశ్వవిద్యాలయగ్రంథాలయమునఁ బనిచేసిన రంగనాథన్‌గారు 1933లోఁ బ్రకటించిన ద్విబిందువర్గీకరణమునకు, మూలగ్రంథమును, దాని వ్యాఖ్యను, వ్యాఖ్యకు వ్యాఖ్యను వరుసగా నొకచోట నిలుపు నుపాయము నేర్పరచిరి. సూత్రము, భాష్యము, టీక యను పరంపరను సహజముగా నెఱిఁగినవానికే యిది తోఁచును. ఈ యుపాయమును శాస్త్రగ్రంథములకే పరిమితము సేయక, భాషాభేదమును లెక్కింపక, తెలుఁగుటీకలకును, దెలుఁగుసేఁతలకును విస్తరింపఁజేయుటయే నేను గోరునది.

ఇక్కడ నొక పూర్వపక్షము. గ్రంథము వస్తువు, వస్తువునకు నొకచోటు మాత్రమే యుండఁగలదు. ఉభయభాషలని మూఁడవ యఱ నేర్పరచినచో నెక్కడఁ జేర్పవలయునో తెలియనివన్నియు నందుఁ బడి యది చెత్తబుట్ట యగును. పైగాఁ బాఠకులు తెలుఁగుపుస్తక మిమ్మనియో, సంస్కృతపుస్తక మిమ్మనియో యడుగుదురు గాని ఉభయభాషాపుస్తక మిమ్మని యడుగరు. గ్రంథాలయోద్యోగులు చెప్పు నీ యాక్షేపము నిరాధారము గాదు.

దీనికి సమాధానము. స్థానము వేఱు, నిర్దేశము వేఱు. గ్రంథ మొకచోటనే యుండును. దానిని దెలుపు నిర్దేశములు నాలుగుచోట్ల నుండవచ్చును. దేవదత్తుఁ డొక్కఁడే యైనను వానిని దండ్రి పుత్రుఁడనియు, శిష్యుఁడు గురువనియు వ్యవహరింతురు. అందువలన దేవదత్తు లిద్దఱు గారు. నే నడుగునది మూఁడవ యఱ గాదు. ప్రతి గ్రంథమునకును నన్వర్థములగు నిర్దేశములు. ఇంక, బాఠకు లడుగరన్న మాట. ఆంధ్రవిశ్వకళాపరిషత్తు పండితుల కిచ్చిన బిరుదునకే ఉభయభాషాప్రవీణ యని పేరు. ఆ బిరుదము పొందినవారు తరతరముల విద్యార్థులకుఁ బాఠములు చెప్పిరి. ఉభయభాషలకును బ్రవీణులను దయారుచేయు చదువు మనకుండఁగా ఉభయభాషలకును బాఠకులు లేరనుట చెల్లదు. వారు పుస్తక మడుగకుండుటకుఁ గారణము కోరిక లేకపోవుట గాదు, ఉన్నదని తెలియకపోవుట.

ఇది పట్టికలోని చక్కఁదనమునకు మాత్రమే సంబంధించిన మాట యని భావింపరాదు. అలమారలలోఁ జోటు చాలనపుడు ఏండ్లతరబడి యెవ్వరు నడుగని పుస్తకములను దీసివేయుట గ్రంథాలయములయందు సహజము. తన పాఠకుఁడు చూడని పుటలో వ్రాయఁబడిన గ్రంథము నెవ్వరు నడుగరు. అడుగనందున నది తొలగింపఁబడును. తెలుఁగులిపిలోని సంస్కృతగ్రంథములు, దెలుఁగుటీకలు నీ రీతిగా నిరువైపులనుండియు ననాథములగుచున్నవి. వీనిలోఁ బెక్కు మరల నచ్చు కానివి. సంస్కృతమునకు మూలము నాగరిలిపిలో దేశమంతట దొరకును. దానికిఁ దెలుఁగుపండితుఁడు తన పల్లెబాలునికొఱకు వ్రాసిన టీక మఱియెక్కడను దొరకదు. పోయినది మూలము గాదు, మనము మూలమును జదివిన తీరు.

నేఁటి యంత్రయుగమున నీ భయ మక్కఱలేదని కొంద ఱనవచ్చును. పాతపుస్తకముల ప్రతిబింబములను యంత్రములలో భద్రపఱచుట యిప్పుడు జరుగుచున్నది; మేలైన పని. కాని యందును ప్రతి పుస్తకమునకు భాష యని యొక గడి యుంచి, యందొక పేరే వ్రాయుట తఱచుగాఁ గానవచ్చును. తెలుఁగులిపిని జూచి సంస్కృతగ్రంథమును దెలుఁగని వ్రాసిన తావులును గలవు. అక్షరములను గుర్తించి చదువు యంత్రమునకు లిపి యేదో తెలియవలయును; విషయమును వెదకు మనుష్యునకు భాష యేదో తెలియవలయును. రెంటిని నొకటిగాఁ జేసినచో యంత్రమునకును మనుష్యునకును గూడఁ ద్రోవ తప్పును. గ్రంథాలయములకై యేర్పడిన యంత్రపట్టికాపద్ధతులలో నొక గ్రంథమునకుఁ బెక్కు భాషలను, వానితోఁ బాటు లిపిని జెప్పుటకుఁ జోటు కలదు. ఉన్న చోటును నింపుట మనవంతు.

ఇంక నేమి చేయవలయునో చెప్పి ముగించెదను. శాస్త్రారంభమున నధికారి, విషయము, సంబంధము, ప్రయోజనము నని యనుబంధచతుష్టయము చెప్పుట మన సంప్రదాయము. మన పట్టికలు విషయమును మాత్రము చెప్పి తక్కిన మూఁటిని విడుచుచున్నవి. ప్రతి ద్విభాషాగ్రంథమునకును నాలుగు మాటలు వ్రాసినఁ జాలును. లిపి యేది, మూలమున భాష యేది, టీకాతాత్పర్యముల భాష యేది, ఎవరికొఱకు వ్రాయఁబడినది, బాలునికా, పండితునికా, పురోహితునికా, వైద్యునికా. మొదటి మూఁడును సంబంధమును దెలుపును. నాలుగవది యధికారిని, దానివలనఁ బ్రయోజనమును దెలుపును. మూలగ్రంథము పేరుక్రింద దాని వ్యాఖ్యలను, దెలుఁగుసేఁతలను నే యఱలో నున్నవో సూచించినచోఁ బరంపర తెగదు.

ఈ పని గ్రంథాలయోద్యోగి యొక్కఁడే చేయఁజాలఁడు. పుస్తకము ముఖపత్రము పోయి, పేరు తెలియక, నడుమ నాలుగాకులు మాత్రమే మిగిలినపు డది యే కావ్యమో, యెవరి టీకయో పోల్చి చెప్పఁగలవాఁ డుభయభాషలను జదివినవాఁడే. అట్టివారు నేఁడు పాఠశాలలలోఁ బండితులుగా నున్నారు. తమ యూరి గ్రంథాలయమున సంస్కృతమని యొకమూలఁ బడియున్న పుస్తకములను వారు సెలవుదినములలోఁ బరిశీలించి, పైఁ జెప్పిన నాలుగు మాటలతోఁ బట్టిక వ్రాసి యిచ్చినచో గ్రంథాలయమునకు నుపకారము; ఆ పట్టికలను సాహిత్యపరిషత్తుల పత్రికలు ప్రకటించినచో దేశమునకు నుపకారము. ముందుగా టీకాగ్రంథములతోను, వ్రతకల్పములతోను బ్రారంభించుట యుచితము. అందఱకంటె ముందుగాఁ బోవుచున్నవి యవియే.